పానకము బోధించు గృహస్థధర్మము

ఋతువులలో పుష్పసమృద్ధమైన వసంతము తానేయని శ్రీకృష్ణపరమాత్మ భగవద్గీత 10వ అధ్యాయమున అర్జునునకు తెలిపియున్నాడు. చైత్రవైశాఖములు రెండును వసంతఋతువు. ఉగాదితో సంవత్సరము మొదలగును. చైత్రశుద్ధ నవమినాడు శ్రీరామచంద్రుని అవతారము. ఆ పక్షముననే త్రయోదశి మొదలు పౌర్ణమి వరకు తిరుమల కొండపై శ్రీవారికి 3 దినములు వసంతోత్సవము జరుగును. వైశాఖశుద్ధ చతుర్దశి శ్రీనృసింహజయంతి. ఇట్లు వసంతము ఆద్యంతము శ్రీమన్నారాయణుని సేవకే ఏర్పడిన ఋతువువలె కనబడును.

ఆలయములలో ఈ ఋతువు ఎట్లు ప్రవేశించునో యాత్రికులెల్లరు ఎరుగుదురు. పూలపందిళ్లు వెలయును, చందనము, పన్నీరు స్వామికి సమర్పింపబడును, మేళతాళములు మ్రోగును. అయితే ఒక చిన్న పట్టణములో, ఒక ఇరుకు వీథిలో, దినమంతయు కష్టించి బ్రతుకు దంపతుల యింటిలోనికి వసంతము ఎట్లు ప్రవేశించును? వారికి పూలపందిరి లేదు, పన్నీరు లేదు. వారు చేయదగిన వసంతోత్సవమేది? ఈ ప్రశ్నకు సమాధానము మంగళగిరి కొండమీద, స్వామి నోట పోయు పానకములో కనబడుచున్నది.

మంగళగిరి మహిమ

గుంటూరు, విజయవాడ నగరముల నడుమ వెలసిన మంగళగిరి నృసింహక్షేత్రము. ఇచ్చట స్వామి మూడు రూపములతో సేవింపబడుచున్నాడు. కొండ దిగువన శ్రీలక్ష్మీనృసింహస్వామి, కొండ నడుమ పానకాల నృసింహస్వామి, శిఖరమున గండాల నృసింహస్వామి. దిగువ ఆలయమునకు ముందు ఆకాశమునంటుచున్నట్లు నిలిచిన 11 అంతస్తుల గాలిగోపురమును రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 19వ శతాబ్ది ఆరంభమున కట్టించెను.

పానకాలస్వామికి కరచరణాదులతో కూడిన విగ్రహము లేదు. తెరచిన నోరే స్వామి. అర్చకులు శంఖముతో పానకమును ఆ నోట పోయుదురు. గుటకలు వేయుచున్నట్లు ధ్వని వినబడును. సగము పానకమును స్వామి స్వీకరించి, సగమును భక్తులకే ప్రసాదముగా విడుచునని ప్రసిద్ధి. బిందెడు తెచ్చిన ధనికునకైనను, చిన్నపాత్రతో తెచ్చిన పేదకైనను ఇదియే న్యాయము. ఇంత బెల్లపునీరు ఒలికెడి తావున చీమ కనబడదని భక్తులు ఆశ్చర్యముతో చెప్పుకొందురు.

స్థలపురాణ సంప్రదాయమున మరియొక మాట కలదు. స్వామి కృతయుగమున అమృతమును, త్రేతాయుగమున నేతిని, ద్వాపరమున పాలను, కలియుగమున పానకమును గ్రహించి తృప్తిచెందునని పెద్దలు చెప్పుదురు. ఇందలి భావమును గ్రహింపవలయును. యుగము తగ్గిన కొలది మానవుని శక్తి తగ్గెను. శక్తి తగ్గిన కొలది స్వామి తన కోరికను తగ్గించుకొనెను. అమృతము దేవతల సొత్తు. నేయి, పాలు పాడిగలవారి సొత్తు. బెల్లము, నీరు, నాలుగు మిరియపుగింజలు, రెండు ఏలకులు ఎవ్వరి యింటనైనను దొరకును. భగవంతుని సౌలభ్యగుణమునకు ఇంతకంటె చక్కని నిదర్శనము వేరొకటి కావలయునా?

మగ్గముల వీథి

మంగళగిరి నృసింహునకు ఎంత ప్రసిద్ధమో నేతకును అంత ప్రసిద్ధము. నిజాం అంచు అను పేర పిలువబడు ఇచ్చటి జరీ అంచు చీరలు దూరదేశములకు పోవుచున్నవి. 2013లో మంగళగిరి చీరలకు, వస్త్రములకు భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. ఆ కీర్తియంతయు గుంటమగ్గములలో కాళ్లుంచి కూర్చుండు నేతపనివారి చేతులలోనిది.

అట్టి వీథిలో ఒక వృద్ధదంపతులను భావింపుడు. భర్త చిన్ననాటినుండి మగ్గమే ఎరిగినవాడు. భార్య రాట్నమున కండెలు చుట్టి యిచ్చుచుండును. ఒక్కతియే కూతురు, పెండ్లియై అత్తవారింట నున్నది. చైత్రము వచ్చినది. పెరటి వేపచెట్టు పూచినది. తెల్లవారకముందే ఇల్లాలు వాకిట కళ్లాపి చల్లి, ముగ్గుపెట్టి, తులసికోటకు దీపము చూపి, తిరిగి నిలిచి కొండవైపు చేతులు జోడించును. అంతలోనే లోపల నాడె ఆడుచున్న చప్పుడు మొదలగును. మధ్యాహ్నమునకు మామిడికాయ పప్పు, వేపపువ్వు చారు. ఎండ తగ్గినపిదప మరల మగ్గము. సాయంకాలమున దిగువ ఆలయములో స్వామిసేవ. ఇదియే వారి దినచర్య, ఇదియే వారి వసంతము.

ఆ సంవత్సరము ఉగాదికి ముందే కూతురు పురిటికి రానున్నదని కబురు వచ్చెను. పెండ్లిండ్ల కాలము గనుక చీరలకు గిరాకి కలదు. నూలిచ్చి నేయించుకొను ఆసామి తొందరపెట్టుచుండెను. భర్త చీకటిపడిన పిదపకూడ దీపము క్రింద నేయసాగెను. ఒకనాడు మగ్గమునుండి దిగిన చీరను మడతపెట్టుచు ఇల్లాలు వెలుతురునకు ఎత్తి చూచెను. మూడుచోట్ల పడుగు పోగులు తెగియున్నవి. తెగినవానిని అతుకకయే నేత సాగిపోయినది. సన్నని గీతవలె సందు కనబడుచున్నది.

ఆమె గుండె ఝల్లుమనెను. నలువదియేండ్లు తప్పెరుగని చేయి అది. చేయి తప్పలేదు, కన్ను తప్పినదని ఆమె క్షణములో గ్రహించెను. చెప్పినచో ఆయన మనసు విరుగును. ఆసామికి తెలిసినచో పని పోవును. పని పోయినచో పురిటి ఖర్చెట్లు? ఆమె చీరను మారుమాటాడక మడతపెట్టి, తప్పు కనబడని మడతను పైకి ఉంచెను.

భర్తకు ఈ సంగతి తెలియదా? తెలియును. రెండు నెలలుగా దీపపు వెలుతురున రెండు పోగులు ఒక్కటిగా కనబడుచున్నవి. భార్యకు చెప్పినచో దిగులుపడునని అతడు దాచెను. ఇట్లు ఒకే కప్పు క్రింద, ఒకే విస్తరి ముందు, ఒకరినొకరు ప్రేమించు ఇద్దరు ఒకే సత్యమును ఒకరినుండి ఒకరు దాచుచుండిరి. చీర మాత్రము పెట్టెలో ఉండెను.

సీతమ్మ చెప్పిన మాట

వసంతనవరాత్రులలో ఆలయమున రామాయణ కాలక్షేపము జరుగుచుండెను. దంపతులిద్దరు నిత్యము పోయి కూర్చుండువారు. ఒకనాటి సాయంకాలము అరణ్యకాండలోని సీతాహితోపదేశ ఘట్టము వచ్చెను.

ఆ ఘట్టము వాల్మీకి రామాయణమున 9, 10 సర్గలలో నున్నది. దండకారణ్యపు మునులు రాక్షసులచే బాధింపబడుచు శ్రీరాముని శరణు వేడిరి. రాక్షసులను వధింతునని ఆయన అభయమిచ్చెను. సుతీక్ష్ణుని ఆశ్రమమునుండి బయలుదేరి పోవునప్పుడు సీతాదేవి భర్తతో మెల్లగా మాటలాడెను. వైరము లేనివారిని హింసించుట తగునా యని ఆమె సందేహము. ఆమె ఒక కథ చెప్పెను. పూర్వమొక తపస్వికి ఇంద్రుడు యోధుని వేషమున వచ్చి ఖడ్గమును దాచుమని యిచ్చెను. ఆ తపస్వి దానిని పోగొట్టకుండ కాపాడవలయునని పోయిన చోటికెల్ల వెంట తీసికొనిపోయెను. ఆయుధము చేతనుండుటచే క్రమముగా ఆయన బుద్ధి క్రూరమయ్యెను, తపస్సు చెడెను. ఈ కథ చెప్పి జానకి, స్నేహముచేతను గౌరవముచేతను గుర్తుచేయుచున్నానే కాని బోధించుటలేదని విన్నవించెను.

శ్రీరాముడేమి చేసెను? కోపింపలేదు. స్త్రీవి, నీకేమి తెలియునని త్రోసివేయలేదు. ఆమె మాట మొత్తము వినెను. శరణన్న మునులకు ఇచ్చిన మాటను ప్రాణము పోయినను తప్పజాలనని తన ధర్మమును విప్పి చెప్పెను. అంతటితో ఊరుకొనక, ఆమె స్నేహముతో చెప్పిన మాటకు తాను సంతోషించితిననియు, ఇష్టములేనివారికి ఎవరును హితము చెప్పరనియు పలికెను.

ఇచ్చట రెండు ధర్మములున్నవి. సందేహమును మనసులో నణచుకొనక, నొచ్చుకొనని రీతిలో తెలుపుట సీతాదేవి చూపిన ధర్మము. చెప్పినది తన నిశ్చయమునకు వ్యతిరేకమైనను, చెప్పుటకు మూలమైన ప్రేమను గుర్తించుట శ్రీరాముడు చూపిన ధర్మము. మొదటిది లేనియెడ ఇంటిలో సత్యముండదు. రెండవది లేనియెడ సత్యము చెప్పుటకు ఎవ్వరికిని ధైర్యముండదు.

ఆ రాత్రి

కాలక్షేపము ముగిసి దంపతులు ఇంటికి వచ్చిరి. దారిలో ఇద్దరును మాటలాడలేదు. భోజనమైన పిదప ఇల్లాలు వాకిట అరుగుపై కూర్చుండి మెల్లగా అనెను:

"ఏమండీ, ఒక మాట చెపుతాను, మనసు కష్టపెట్టుకోకండి. మొన్న దిగిన చీరలో మూడుచోట్ల పోగు పోయింది. మడతపెట్టేటప్పుడే చూశాను."

అతడు కొంతసేపు మిన్నకుండెను. పిదప, "నాకు తెలుసునే. రెండు నెలలనుంచీ దీపం పెట్టాక పోగు ఆనటం లేదు. చెబితే దిగులుపడతావని ఊరుకున్నాను" అనెను.

"నేనూ అందుకే ఊరుకున్నాను."

వీథిలో ఎవ్వరును లేరు. కొండమీద దీపము ఒకటి వెలుగుచుండెను. చివరకు ఆమెయే మరల అనెను: "మిమ్మల్ని నేను కాపాడాననుకున్నాను, నన్ను మీరు కాపాడాననుకున్నారు. ఆ చీర ఎవరో తల్లి కొని కూతురికి పెట్టుకుంటుంది. మన అమ్మాయికి అట్లాంటి చీర వస్తే మనకెట్లా ఉంటుంది?"

మరునాడు ఉదయము అతడు చీరను భుజముపై వేసికొని ఆసామి యింటికి పోయెను. లోపమున్న చోటులను తానే వ్రేలితో చూపెను. కన్ను తగ్గిన సంగతియు దాచలేదు. ఆసామి చీరను వెలుతురునకు పట్టి చూచి చాలసేపు పలుకలేదు. ఆ చీరకు సగము మజూరీ మాత్రమే ఇచ్చెను. కన్ను కుదురుపడువరకు సన్నని నూలు పని ఇయ్యజాలననియు, తువాళ్లు నేయుమనియు చెప్పెను. తువాళ్ల మజూరీ తక్కువ.

ఇచ్చట అద్భుతమేమియు జరుగలేదు. సత్యము చెప్పినంతనే ధనరాశి కురియునని శాస్త్రము చెప్పలేదు. ఆ ఇంటికి నష్టమే వచ్చినది. కాని దాచిన కాలమున జరుగని పనులు రెండు ఇప్పుడు జరిగినవి. భర్త వైద్యుని వద్దకు పోయెను. కంటిలో శుక్లము ముదిరినదనియు, చికిత్సచే చూపు తిరిగి రాగలదనియు తెలిసెను. ఇక రెండవది: దీపము క్రింద నేత మాని పగటి వెలుతురుననే నేయుటకు ఇద్దరును నిశ్చయించుకొనిరి. రాట్నము ప్రక్కకు జరిపి ఇల్లాలు మగ్గము చెంత కూర్చుండి, పోగు తెగినప్పుడెల్ల "ఇదిగో, ఇక్కడ" అని చూపుచుండెను. అతడు అతుకుచుండెను. ఒకరి కన్నులు, ఒకరి చేతులు. పురిటి ఖర్చునకు చేబదులు తీసికొనవలసి వచ్చెను. అయినను ఆ బదులును గూర్చి ఇద్దరును కలిసియే లెక్కవేసికొనిరి.

వాక్కు కూడ తపస్సే

భగవద్గీత 17వ అధ్యాయమున శ్రీకృష్ణుడు మూడు విధములైన తపస్సులను చెప్పినాడు. అందు వాక్కుతో చేయు తపస్సునకు లక్షణములు ఇవి: మాట ఎదుటివారికి ఉద్వేగము కలిగింపరాదు, సత్యమై యుండవలయును, ప్రియమై యుండవలయును, హితమై యుండవలయును. స్వాధ్యాయమును కూడ అందే చేర్చినాడు. అడవికి పోయి కన్నులు మూసికొన్నచో ఈ తపస్సు జరుగదు. ఎదుట మనిషి ఉన్నప్పుడే జరుగును. కావున ఇది గృహస్థునకే మిక్కిలి అనువైన తపస్సు.

కొందరు సత్యమును మాత్రమే పట్టుకొందురు. ఉన్నమాట అన్నాననుచు ఇల్లాలిని, పిల్లలను, వృద్ధులైన తల్లిదండ్రులను మాటలతో కాల్తురు. అది సత్యమైనను తపస్సు కాజాలదు. ఉద్వేగము కలిగించినది గనుక. మరికొందరు ప్రియమును మాత్రమే పట్టుకొందురు. నొప్పించరాదని తప్పును కప్పుదురు, రోగమును దాతురు, అప్పును మరుగుపరతురు. అదియు తపస్సు కాజాలదు. హితమును చెరచినది గనుక. పై దంపతులు మొదట చేసినది ఈ రెండవ పొరపాటు. ప్రేమలో లోపము లేదు. ఆ ప్రేమకు సత్యము తోడు కాలేదు. తోడు కానంతవరకు ఆ ప్రేమ, దీపము క్రింద నేసిన చీరవలె, పైకి నిండుగా కనబడుచు లోపల సందులతో నుండెను.

పానకమును జూడుడు. బెల్లము ఒక్కటే కలిపినచో తీపినీరగును. మిరియము ఒక్కటే కలిపినచో గొంతు మండును. రెండును తగుపాళ్లలో నీటిలో కరిగినప్పుడే పానకము. ప్రియము బెల్లము, సత్యము మిరియము, రెంటిని కలుపుకొను ఓర్పు నీరు. ఎండలో కొండ యెక్కి వచ్చినవాని దప్పిక తీర్చునది ఆ మూటి కూడికయే. కలియుగమున స్వామి కోరుకొన్న నైవేద్యమిదియే యగుట గృహస్థులకు తలచుకొనదగిన విషయము.

సగము స్వీకరించు స్వామి

శ్రీవైష్ణవ సంప్రదాయమున శ్రీమహాలక్ష్మి పురుషకారమూర్తి. జీవుని దోషములను చూచి స్వామి అలుగకుండ, స్వామి గాంభీర్యమును చూచి జీవుడు వెరవకుండ, నడుమ నిలిచి మాట చెప్పునది ఆ తల్లి. ఆమె దోషమును లేదనదు. దోషమున్నను దయచూపుమని కోరును. ఉగ్రనృసింహుడు లక్ష్మీసమేతుడై శాంతించినట్లు కొలుచుటలోని అంతరార్థము కూడ ఇదియే. ఏ ఇంట ఒకరు ఇంకొకరికి ఇట్లు నిజమును దాచక, దయను విడువక మాట చెప్పుదురో, ఆ ఇంట పురుషకారము నిత్యము జరుగుచున్నట్లే. ఆ స్థానమున ఒకనాడు భార్య నిలుచును, ఒకనాడు భర్త నిలుచును. అత్తకు కోడలు, కోడలికి అత్త నిలుచు దినములును రావలయును.

వసంతము సుఖములనే తెచ్చు ఋతువు కాదని రామాయణమే చెప్పుచున్నది. దశరథుడు రామునకు పట్టాభిషేకము తలపెట్టినది పూచిన వనములుగల చైత్రమాసముననే. ఆ పట్టాభిషేకము ఆగి వనవాసము వచ్చినది. సీతావియోగమున శ్రీరాముడు పంపాతీరమున నిలిచి దుఃఖించినదియు వసంతఋతువులోనే. ఉగాదిపచ్చడిలో వేపపువ్వు వేయు పెద్దలు ఈ సంగతి నెరిగినవారే. చేదు లేని సంవత్సరము కావలయునని వారు మనుమలను దీవింపలేదు. చేదును తీపితో కలిపి తినుడని చేతికిచ్చిరి.

శ్రీరామనవమికి మరునాడు ఆ దంపతులు చిన్నపాత్రలో పానకము కలిపికొని కొండ యెక్కిరి. మెట్లు అతనికి స్పష్టముగా కనబడవు. ఆమె చేయి పట్టి నడిపించెను. అర్చకుడు శంఖముతో పానకమును స్వామి నోట పోసెను. గుటకల ధ్వని వినబడెను, ఆగెను. మిగిలిన సగమును వారి పాత్రలోనే పోసి యిచ్చెను. ఆ ప్రసాదమును దింపుకొని వచ్చి, వీథిలో శ్రీరామనవమికి వెలసిన చలివేంద్రము వద్ద దాహముతో నిలిచిన బాటసారికి తొలుత పోసి, పిదప తామిద్దరు త్రాగిరి.

భగవంతుడు సగమే స్వీకరించును. మిగిలిన సగమును మానవుని చేతికే తిరిగి యిచ్చును. ఒకరు మోయవలసిన భారములో సగమును ఇంకొకరి చేతికి నమ్మకముతో ఇచ్చుట, ఇచ్చినదానిని ప్రసాదమువలె పుచ్చుకొనుట, ఇదియే దాంపత్యము. పూలపందిరి లేని ఇంటను ఈ ఇచ్చిపుచ్చుకొనుట జరిగిన దినమే వసంతోత్సవము. ఈ చైత్రమున గృహస్థులెల్లరు తమ ఇండ్ల పెట్టెలలో మడతపెట్టి దాచిన మాట యేదైన నున్నచో, సీతమ్మవలె మెల్లగా విప్పి చెప్పుదురు గాక. విన్నవారు శ్రీరామునివలె సంతోషింతురు గాక. శ్రీలక్ష్మీనృసింహుడు వారి గృహములను సత్యముతోను, మాధుర్యముతోను నింపి రక్షించుగాక!